నేరకథకు గిటార్, ఆర్కెస్ట్రా: ముందుగా దేన్ని ఎంచుకోవాలి?

నేరకథా చిత్రానికి గిటార్‌ను ముందు నిలిపి, దాని వెనుక ఆర్కెస్ట్రాను నడిపించే నేపథ్య సంగీతం కావాలని దర్శకుడూ సంగీత దర్శకుడూ ఒక మాట అనుకున్నాక, సాధారణంగా మొదట తేల్చేది ఆర్కెస్ట్రా పరిమాణం. ఖర్చులో పెద్ద పద్దు అదే కనుక నిర్మాత దృష్టి కూడా అక్కడే ఉంటుంది. ఎందరు వయొలిన్ కళాకారులు, ఎన్ని గంటల స్టూడియో, లేక మొత్తం కంప్యూటర్‌లోనే చేసేద్దామా అన్న చర్చ ముగిసిన తరువాత, గిటార్ సంగతి వాయించేవారికి వదిలేస్తారు. ఈ వరుస తిరగబడాలన్నది నా అభిప్రాయం. ముందు గిటార్‌ను నిర్ణయించుకోవాలి. ఎంత ఆర్కెస్ట్రా కావాలో, అందులో ఏ వాద్యాలు ఉండాలో ఆ గిటారే చెబుతుంది.

కారణం వాద్యాల స్వభావంలోనే ఉంది. కమానుతో వాయించే తీగ మీద స్వరం మెల్లగా పుట్టి, వాయించేవారు కోరినంత సేపు నిలబడి, కావాలంటే మధ్యలో పెరుగుతుంది కూడా. గిటార్ తీగ మీద స్వరం మీటిన క్షణంలోనే గరిష్ఠ బలానికి చేరి, ఆ మరుక్షణం నుంచి తగ్గుతూ పోతుంది. వయొలిన్ బృందం ఎంత మంద్రంగా వాయించినా అందులో ఒక భరోసా వినిపిస్తుంది; ఒంటరి గిటార్ స్వరంలో అది ఉండదు, ఎందుకంటే ఆ స్వరం ఇక ఎంతోసేపు ఉండదని వినేవారి చెవికి ముందే తెలుసు. నేరకథకు కావలసిన దిగులు, అనుమానం ఆ తగ్గుదలలోనే ఉన్నాయి. కాబట్టి గిటార్లను పోల్చేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు రెండే: దాని స్వరం ఎంతసేపట్లో, ఏ తీరున ఆరిపోతుంది, అది ఏ స్థాయిలో పలుకుతూ పాత్రల గొంతుకూ చెల్లోకూ (వయొలిన్ జాతిలో మంద్రంగా పలికే పెద్ద వాద్యం) ఎంత దగ్గరగా వస్తుంది.

ఏ గిటార్

నైలాన్ తీగల గిటార్ స్వరం మెత్తగా మొదలై త్వరగా ఆరిపోతుంది. పై తీగల మీద మరీ త్వరగా. గదిలో ఒక్కడే కూర్చున్న మనిషి, తాను చేసిన పని తనను తినేస్తున్న వేళ, భార్యకు చెప్పలేని సంగతి వంటి సన్నివేశాలకు దీని దగ్గరితనం మరే గిటార్‌కూ రాదు. అయితే దీని గొంతు చిన్నది. పన్నెండు మంది కమాను వాద్యకారులతో ఒకే గదిలో కలిపి రికార్డు చేస్తే వినపడకుండా పోతుంది కనుక దీన్ని విడిగా, మైకును దగ్గరగా పెట్టి రికార్డు చేయడం తప్పనిసరి. ఇంకొక చిక్కు, స్పానిష్ సంగీతంతో దీనికున్న పాత బంధుత్వం. వాయింపులో కాస్త అలంకారం చేరినా ప్రేక్షకుడి మనసు అటువైపు వెళ్తుంది. కథకు ఆ ప్రాంతంతో సంబంధం లేకపోతే అది అనవసరమైన దారి మళ్లింపు.

ఉక్కు తీగల అకూస్టిక్ గిటార్‌ను నేను ఈ పనికి చివరి వరుసలో పెడతాను. పిక్ (తీగను మీటే చిన్న పలక) తగిలిన చప్పుడు, వేళ్లు తీగ మీద జారే కీచుదనం సంభాషణలోని హల్లులు స్పష్టపడే చోటే వినిపిస్తాయి కనుక మాట, సంగీతం ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. సంభాషణ లేని ప్రయాణ దృశ్యాలకు, ముఖ్యంగా లోహపు గొట్టంతో తీగ మీద జారుతూ వాయించే పద్ధతిలో, ఇది చక్కగా సరిపోతుంది.

వక్రీకరణ (ధ్వనిని గరుకుగా మార్చే డిస్టార్షన్) లేని, శుభ్రమైన ఎలక్ట్రిక్ గిటార్ ఈ రకం చిత్రాలకు ఎప్పటి నుంచో అలవాటైన గొంతు. 1962లో మొదటి జేమ్స్ బాండ్ చిత్రంలో విక్ ఫ్లిక్ వాయించిన గిటార్ వరుస విన్నవారికి, మంద్ర తీగల మీద ఒక చిన్న వరుస ప్రమాదాన్ని ఎలా పలికించగలదో వేరే చెప్పనక్కరలేదు. 1960ల ఆంప్లిఫయర్లలో ఉన్న రెండు సౌకర్యాలు ఈ గొంతుకు ఆ ముద్రను స్థిరపరిచాయి. ఒకటి స్ప్రింగ్ రివర్బ్: ధ్వనిని ఒక చిన్న పెట్టెలో సాగదీసి కట్టిన లోహపు స్ప్రింగుల గుండా పంపి తీసుకునే ప్రతిధ్వని. తీగను గట్టిగా మీటినప్పుడు ఆ స్ప్రింగులు చిమ్మినట్టు పలకడం దాని లక్షణం. రెండవది ట్రెమొలో: ధ్వని బలాన్ని క్రమబద్ధంగా పెంచుతూ తగ్గించడం. ఆర్కెస్ట్రాతో కలిపినప్పుడు ట్రెమొలో వల్ల కలిగే మేలు చాలామంది గమనించరు. ఆరిపోతున్న స్వరాన్ని అది తునకలుగా విడగొడుతుంది కనుక, చెల్లోలు అదే స్థాయిలో నిలకడగా వాయిస్తున్నా గిటార్ విడిగా వినిపిస్తుంది. దాని వేగాన్ని మాత్రం చెవికి నచ్చినట్టు వదిలేయకూడదు, లయకు కట్టాలి. నిమిషానికి 72 దెబ్బల లయలో సెకనుకు 2.4 సార్లు ఊగే ట్రెమొలో ఒక దెబ్బకు రెండుసార్లు, 3.6 సార్లు ఊగేది మూడుసార్లు పలుకుతుంది. ఈ రెంటి మధ్య ఎక్కడో వదిలేస్తే వయోలాల (వయొలిన్ కంటే కాస్త పెద్దవి, కింది స్థాయిలో పలికేవి) నడకతో పొసగక, ఏదో సరిగా లేదన్న భావన శ్రోతకు కలుగుతుంది, కారణం మాత్రం తెలియదు.

ఈ గొంతులోని ప్రమాదం దాని పేరు ప్రఖ్యాతులే. స్ప్రింగ్ రివర్బ్, ట్రెమొలో, మైనర్ కార్డ్ (కలిపి మీటే, దిగులుగా పలికే స్వరాల గుంపు) మూడూ కలిసి రాగానే ప్రేక్షకుడికి మరో చిత్రమేదో గుర్తుకు వస్తుంది. పిక్ వదిలి వేళ్లతో వాయించడం, రివర్బ్‌ను సగానికి తగ్గించడం, బాండ్ సంగీతాన్ని ముగించే ఆ ప్రసిద్ధమైన కార్డును అసలు ముట్టకపోవడం వంటి చిన్న నిగ్రహాలు ఇక్కడ ఎక్కువ మేలు చేస్తాయి.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే బారిటోన్ గిటార్‌ను ఎంచుకుంటాను. సాధారణ గిటార్ అడుగు తీగ ఇ స్వరంలో, సుమారు 82 హెర్ట్జ్ వద్ద పలికితే, బారిటోన్‌ను ఎక్కువగా దానికి ఐదు అర్ధస్వరాలు కిందకు, బి స్వరానికి దించి శ్రుతి చేస్తారు. అది సుమారు 62 హెర్ట్జ్. అంత కిందకు దించినా తీగ వదులుగా వేలాడకుండా ఉండేందుకు తీగ పొడవును 27 నుంచి 30 అంగుళాల దాకా పెంచుతారు. సాధారణ ఎలక్ట్రిక్ గిటార్‌లో అది 25 అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది. పొడవూ మందమూ ఎక్కువైన ఆ తీగ నిదానంగా ఆరిపోతుంది, ఆరిపోతూ రంగు మారుస్తుంది: మొదట లోహపు మెరుపు, తరువాత కర్ర వంటి మెత్తదనం, చివరకు ఒక గుంజనం. విచారణ గదులకు, రాత్రి వీధులకు, శవాన్ని గుర్తించడానికి పిలిచిన తండ్రి ముఖానికి ఇంతకంటే పొందికైన గొంతు లేదు.

అయితే బారిటోన్‌ను ఎంచుకున్న మరుక్షణం ఆర్కెస్ట్రా రచన మారిపోవాలి. చెల్లో అడుగు తీగ సి స్వరం, సుమారు 65 హెర్ట్జ్. అంటే రెండు వాద్యాలూ దాదాపు ఒకే నేల మీద నిలబడుతున్నాయి. చెల్లోలను అలవాటు ప్రకారం కింది స్థాయిలో ఉంచి బారిటోన్‌ను వాటి మీద పెడితే రెండూ బురదలో కలిసిపోతాయి, తరువాత మిక్సింగ్‌లో ఎంత కత్తిరించినా విడిపోవు. చెల్లోలను పై తీగ మీదకు, అంటే అవి కాస్త బిగువుగా, బాధగా పలికే స్థాయికి ఎక్కించాలి. డబుల్ బేస్‌ను గిటార్ కింద వాయించాలి, అదీ అరుదుగా. మధ్యలోని ఖాళీని వయోలాలు చూసుకుంటాయి. సాధారణ గిటార్‌కు ఒక స్థాయి కింద శ్రుతి చేసే ఆరు తీగల బేస్ గిటార్ ఇంకా కిందికి, సుమారు 41 హెర్ట్జ్‌కు దిగుతుంది. అది డబుల్ బేస్ అడుగు తీగ స్థాయే కనుక రెండింటినీ కలిపి పెట్టుకోవడంలో అర్థం లేదు, ఒకటి మానేయవచ్చు.

వక్రీకరించిన ఎలక్ట్రిక్ గిటార్ దగ్గర పరిస్థితి పూర్తిగా వేరు. వక్రీకరణ ధ్వనిని అదిమి నిలబెడుతుంది కనుక స్వరం త్వరగా ఆరిపోదు, అంటే గిటార్ కమాను వాద్యపు పనిని తానే చేయడం మొదలుపెడుతుంది. తీగను విద్యుదయస్కాంతంతో కంపింపజేసే ఈబో అన్న చేతి పరికరం వాడితే ఈ పోలిక ఇంకా దగ్గరవుతుంది. అప్పుడు ఆర్కెస్ట్రా ఎందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. ఒక సమాధానం 1995 నాటి 'హీట్' చిత్రానికి ఎలియట్ గోల్డెన్‌థాల్ కూర్చిన సంగీతంలో ఉంది: అక్కడ పలు ఎలక్ట్రిక్ గిటార్లను ఒక బృందంలా, ఆర్కెస్ట్రాలోని ఒక విభాగంలా పొరలు పొరలుగా వాడి, మరో పక్క క్రోనోస్ క్వార్టెట్ నలుగురి తీగ వాద్యాలను ఉంచారు. గిటార్ ఒంటరి మనిషి గొంతు కాదిక్కడ, వాతావరణం. దీనికి భిన్నమైన దారి 1987 నాటి 'లీథల్ వెపన్'లో వినిపిస్తుంది. మైకేల్ కామెన్ ఆర్కెస్ట్రా ముందు ఎరిక్ క్లాప్టన్ గిటార్, డేవిడ్ సాన్‌బోర్న్ శాక్సొఫోన్ ఒక్కొక్కటీ ఒక్కో కథానాయకుడి గొంతుగా నిలుస్తాయి. మీ కథలో గిటార్ ఎవరిదో చెప్పగలిగితే రెండవ దారి, అది ఎవరిదీ కాదు, ఊరిది అనిపిస్తే మొదటి దారి. వక్రీకరణ ఉన్నప్పుడు పూర్తి కార్డులు వాయిస్తే ముద్దగా మారతాయి కనుక ఒంటి వరుసలకు, పంచమంతో జతచేసిన జంట స్వరాలకు పరిమితం కావడం మంచిది.

ఎంత ఆర్కెస్ట్రా

అరవై, డెబ్భై మందితో పూర్తి ఆర్కెస్ట్రా తీసుకోగల స్తోమత ఉన్నా ఈ రకం సంగీతానికి నేను దాన్ని సిఫారసు చేయను. ట్రంపెట్లు, టింపనీలు ఉంటే వాటికి పని కల్పించాలనిపిస్తుంది. పని కల్పిస్తే చిత్రం సాహసగాథలా వినిపించడం మొదలవుతుంది, గిటార్ వెనక్కు వెళ్లిపోతుంది. ఒక చిన్న తీగ వాద్య బృందం, దానికి తోడుగా ఊదే వాద్యాల్లో బేస్ క్లారినెట్, ఒకటో రెండో ఫ్రెంచ్ హార్న్‌లు చాలు. ఆరు వయొలిన్‌లు, నాలుగు వయోలాలు, నాలుగు చెల్లోలు, రెండు డబుల్ బేస్‌లు అనుకుంటే మొత్తం పదహారు మంది. సాధారణ లెక్కలో వయొలిన్‌లు దీనికంటే చాలా ఎక్కువ ఉంటాయి. ఇక్కడ మధ్య స్థాయికి బలం కావాలి కనుక నిష్పత్తిని కావాలనే మార్చాను.

బృందం చిన్నదైనప్పుడు వాయించే తీరే రంగుల పెట్టె. తీగలను మోసే వంతెనకు మ్యూట్ (ధ్వనిని మెత్తబరిచే చిన్న బిళ్ల) పెట్టి, వేలిని ఊపే వైబ్రాటో లేకుండా వాయిస్తే గాజు మీద ఆవిరి పట్టినట్టుండే ధ్వని వస్తుంది. కమానును వంతెన పక్కన నడిపితే గీసుకుపోయే చల్లదనం, వేళ్ల పలక మీదుగా నడిపితే వేణువు వంటి మెత్తదనం వస్తాయి. తీగను వేలితో మీటే పిజికాటోను మాత్రం గిటార్ వాయిస్తున్నప్పుడు వాడవద్దు. రెండు మీట్లు ఒకదాని పక్కన ఒకటి పడి రెండూ పలచనవుతాయి. హార్ప్ విషయంలోనూ ఇదే మాట.

నలుగురితో కూడిన క్వార్టెట్ ఖర్చు తక్కువ అనుకుని ఎంచుకోవడం పొరపాటు. అది వేరే సంగీతం. పదహారు మందిలో ఒకరి శ్రుతి కాస్త కదిలినా బృందంలో కలిసిపోతుంది, పైగా ఆ చిన్న చిన్న తేడాలే బృందానికి వెచ్చదనం. క్వార్టెట్‌లో ప్రతి కమాను మలుపూ వినపడుతుంది. మాటలు ఎక్కువగా ఉండి, నాలుగు గోడల మధ్య నడిచే కథకు ఈ బట్టబయలుతనం లాభమే.

ఇక శాంపిల్ లైబ్రరీలు, అంటే ముందే రికార్డు చేసిన వాద్య స్వరాలను కంప్యూటర్‌లో వాయించుకునే సంగ్రహాలు. నిలకడగా సాగే స్వరాలు, కమాను వణుకు, పొట్టి ఘాతాలు, పిజికాటో వంటివి నేటి లైబ్రరీల్లో చాలా బాగా పలుకుతాయి. మిక్సింగ్ అయ్యాక నిజమైన బృందం కాదని గుర్తించడం కష్టం. ఒక స్వరం నుంచి మరో స్వరానికి నిదానంగా, ఊపిరి తీసుకుంటూ కదిలే వరుసలో మాత్రం అవి దొరికిపోతాయి. ఆ వరుసను గిటార్‌కే ఇచ్చేస్తే సగం సమస్య అక్కడే పోతుంది. గిటార్ ప్రధానమైన సంగీతం తక్కువ ఖర్చుకు అనువైనదని నేను అంటున్నది ఇందుకే. మిగిలిన సగానికి, శాంపిళ్ల మీద ఒక వయొలిన్, ఒక చెల్లో నిజంగా వాయించి కలిపితే మొత్తం బృందానికి ప్రాణం వస్తుంది. గిటార్‌ను మాత్రం ఏ పరిస్థితిలోనూ శాంపిళ్లతో చేయవద్దు. ఒకే స్వరాన్ని వాయించేవారు రెండుసార్లు రెండు రకాలుగా మీటుతారు, తీగను సగంలో అరచేతితో ఆపుతారు, ఆరిపోతుండగా కాస్త లాగుతారు. మనం డబ్బు పెడుతున్నది దీనికే.

మాటల మధ్య ఒక మచ్చు

ఎంపిక ఎలా పని చేస్తుందో ఒక్క చోట దగ్గరగా చూద్దాం. విచారణ గదిలో అధికారి ప్రశ్న వేశాడు. ఎదుటి మనిషి పదకొండు సెకన్లు మాట్లాడలేదు. తరువాత ఒక్క ముక్కలో జవాబిచ్చాడు. నిమిషానికి 66 దెబ్బల లయ తీసుకుంటే నాలుగు దెబ్బల ఆవర్తం 3.64 సెకన్లు అవుతుంది, మూడు ఆవర్తాలు 10.9 సెకన్లలో సరిగ్గా ఇమిడిపోతాయి. మొదటి ఆవర్తంలో బారిటోన్ గిటార్ అడుగు తీగ మీద బి స్వరం ఒక్కసారి మీటి ఊరుకోవాలి. రెండవ ఆవర్తంలో, ఆ స్వరం ఇంకా పూర్తిగా ఆరక ముందే, మ్యూట్ పెట్టిన వయోలాలు రెండు స్థాయిల పైన అదే స్వరాన్ని, మొదలైనట్టు తెలియకుండా అందుకోవాలి. మూడవ ఆవర్తంలో ఇద్దరు వయోలా కళాకారులు అక్కడే ఉండగా మిగిలిన ఇద్దరు అర్ధస్వరం పైకి, సి మీదకు జరగాలి. ఒరుసుకునే ఆ రెండు స్వరాల మధ్య జవాబు పడుతుంది, అదే క్షణంలో గిటార్ తీగను అరచేయి ఆపేస్తుంది.

ఇదే మచ్చును నైలాన్ గిటార్‌తో చేయబోతే రెండవ ఆవర్తానికి అందుకోవడానికి స్వరమే సరిగా మిగలదు. వయోలాలు ఏమీ లేని చోట మొదలైనట్టు వినిపిస్తాయి, కనుక వాటిని ఒక దెబ్బ ముందే మొదలుపెట్టాలి. వక్రీకరించిన గిటార్‌తో అయితే స్వరం మూడు ఆవర్తాలూ నిలబడి ఉంటుంది, వయోలాలకు పనే ఉండదు.

సంభాషణ ఉన్న చోట గుర్తుంచుకోవలసిన అంకెలు కొన్నే. మాట అర్థం కావడానికి అవసరమైన ధ్వనిలో ఎక్కువ భాగం వెయ్యి నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మగ గొంతు మూలస్వరం చాలావరకు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య పలుకుతుంది. బారిటోన్ అడుగు తీగ ఈ రెంటికీ కిందనే ఉండిపోవడం దాని మరో సుగుణం. వక్రీకరించిన గిటార్ మాట ఉన్న ప్రాంతాన్నే ఆక్రమిస్తుంది కనుక దాన్ని మాటలు లేని వెంటాడే దృశ్యాలకే ఉంచుకోవాలి.

రికార్డు చేసే వరుస

గిటార్ ముందా, ఆర్కెస్ట్రా ముందా అన్న ప్రశ్నకు రెండు పద్ధతులున్నాయి. గిటార్ వాయించేవారికి చిత్రం చూపించి, స్వేచ్ఛగా వాయించనిచ్చి, ఆ నడకకు తగినట్టు తరువాత ఆర్కెస్ట్రా రాయడం ఒకటి; అంతా ముందే రాసి, క్లిక్ (వాయించేవారి చెవిలో టిక్ టిక్ మంటూ దెబ్బలు లెక్కపెట్టే ధ్వని) లయకు కట్టుబడి గిటార్‌ను చివరన వాయించడం రెండవది. మొదటి పద్ధతిలో సంగీతానికి ఊపిరి ఉంటుంది, కానీ ఆ స్వేచ్ఛా లయను దెబ్బ దెబ్బకూ కొలిచి క్లిక్‌గా మార్చే ఓపిక ఎవరికో ఒకరికి ఉండాలి. ఎడిటింగ్ మారితే పని మళ్లీ మొదటికి వస్తుంది. కూర్పు ఖరారైన చిత్రానికి మొదటి పద్ధతిని, ఇంకా కోతలు పడుతున్న చిత్రానికి రెండవదాన్ని నేను సూచిస్తాను.

శ్రుతి గురించి ముందే మాట్లాడుకోవాలి. కొన్ని ఆర్కెస్ట్రాలు ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్ వద్ద కాక 442 వద్ద పెట్టుకుంటాయి. తేడా అర్ధస్వరంలో పన్నెండో వంతు కంటే తక్కువే. అయినా స్వరాల చోటును ఖరారు చేసే లోహపు పట్టీలు (ఫ్రెట్‌లు) ఉన్న గిటార్ వాయిస్తూ సర్దుకోలేదు కనుక నిలకడ స్వరాల మీద ఆ తేడా అలలుగా వినిపిస్తుంది. స్వరస్థానం (కీ) ఎంపిక కూడా గిటార్‌ను బట్టే జరగాలి. పియానో ముందు కూర్చుని ఇ ఫ్లాట్ మైనర్‌లో కూర్చిన వరుసను గిటార్‌కు ఇస్తే ఖాళీ తీగల్లో ఎక్కువ భాగం పనికిరాకుండా పోతాయి, ఆ ఖాళీ తీగలేమో ఎక్కువసేపు నిలబడి పలికేవి. ఇ మైనర్‌కు మార్చడమో, తీగలన్నిటినీ అర్ధస్వరం దించడమో చేస్తే అదే వరుస మరో వాద్యంలా వినిపిస్తుంది.

ఆంప్ ముందు మైకు పెట్టి రికార్డు చేస్తున్నా, గిటార్ నుంచి నేరుగా వచ్చే శుద్ధ సంకేతాన్ని వేరే ట్రాక్‌లో తప్పక దాచుకోవాలి. సన్నివేశం రెండు సెకన్లు తగ్గితే ట్రెమొలో, రివర్బ్ కలిసిపోయి ఉన్న ట్రాక్‌ను కోసిన చోట అతుకు వినపడుతుంది. శుద్ధ సంకేతం ఉంటే కోసిన తరువాత దాన్ని మళ్లీ ఆంప్ గుండా పంపి కొత్తగా తీసుకోవచ్చు. చివరి మిక్సింగ్‌కు గిటార్, గిటార్ ప్రతిధ్వని, పై తీగలు, కింది తీగలు, ఊదే వాద్యాలు వేర్వేరుగా ఇస్తే, మాట వినపడని చోట మొత్తం సంగీతాన్ని తగ్గించే బదులు అడ్డుపడుతున్న దాన్ని మాత్రమే తగ్గించగలుగుతారు.

ఇంకా నిర్ణయం కుదరకపోతే, చిత్రంలో మాట తక్కువగా ఉన్న ఒక సన్నివేశాన్ని, మాట ఎక్కువగా ఉన్న మరొకదాన్ని తీసుకుని, రెండింటికీ బారిటోన్‌తో ఒకటి, శుభ్రమైన ఎలక్ట్రిక్ గిటార్‌తో ఒకటి శాంపిల్ తీగల మీద మచ్చుకు చేయించండి. ఎడిటింగ్ గదిలో తాత్కాలికంగా పెట్టుకున్న పాత చిత్రాల సంగీతాన్ని ఈ పరీక్షకు ముందే తీసివేయాలి, లేకపోతే చెవి దానికి దగ్గరగా ఉన్నదాన్నే మెచ్చుకుంటుంది. మచ్చులను సంభాషణతో కలిపి, థియేటర్‌లో వినిపించేంత స్థాయిలో వినండి. మాటలున్న సన్నివేశంలో ఏది నిలబడిందో దాన్నే తీసుకోండి. మాటల్లేని సన్నివేశంలో రెండూ బాగానే ఉంటాయి.